లెక్కపెట్టని పేర్లు

"గురువారం సాయంత్రం అయిదు గంటల యాభై రెండు నిమిషాలకి మీరెక్కడున్నారు ప్రొఫెసర్ గారూ?"

"చర్చిలో. పాటల సాధన. అయిదు నుంచి ఏడు దాకా. ఇప్పటికి మూడుసార్లు చెప్పాను."

"నాలుగోసారి చెబితే అరిగిపోరు. పక్కన ఎవరున్నారు?"

"పాస్టరు. ఇరవై రెండు మంది పాడేవాళ్ళు. నా గొంతు అంత ఘోరంగా ఉంటుంది కాబట్టి నేనొచ్చానో లేదో అందరికీ గుర్తుంటుంది."

ప్రొఫెసర్ లాబన్ చెసిరే అబద్ధం చెప్పడం లేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. ఆ ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మందిని పొద్దుట్నుంచి నేనే పట్టుకుని అడిగాను. అందరూ ఆయన గొంతునే ముందు తిట్టుకున్నారు.

కటుంగే ఈయన కింద పరిశోధన చేసే అమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్ళు. శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి ఈ నీటి పరిశోధన కేంద్రం ఆవరణలోనే, ఎండిపోయిన ప్రయోగపు బావిలో శవమై కనిపించింది. అరవై అడుగుల లోతు. గురువారం అయిదుకీ ఏడుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. ఆమె వాడే చాట్‌బాట్ ఖాతాలో, అయిదూ యాభై రెండుకి, వాళ్ళమ్మకి చివరి ఉత్తరం రాయించుకున్నట్టు ఉంది. ఆ ఉత్తరం చూసి మా పోలీసు సూపరింటెండెంట్ ముటిస్యా ఆత్మహత్య అని తేల్చేశాడు. ఇవాళ సోమవారం. సాయంత్రం అయిదుకి దస్త్రం మీద సంతకం పెడతాడు.

సంతకం పడితే ఆ పిల్లకి చర్చిలో ప్రార్థన ఉండదు. పాస్టరు సమాధి దగ్గరికి రాడు. చుట్టాలు చీకటి పడకముందే గబగబా మట్టి కప్పేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోతారు. వాళ్ళమ్మ శుక్రవారం నుంచీ ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చునుంది. నన్ను చూస్తే ఒక్కటే మాట అంటుంది. "నా బిడ్డ దూకలేదు." నేను తేలుస్తానని ఆమెకి మాటిచ్చాను. ప్రొఫెసర్ గదిలో గడియారం అప్పుడు మధ్యాహ్నం రెండూ పది.

నేను ప్రొఫెసర్ బల్ల మీది కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పాను.

"ఈ చాట్‌బాట్ ఖాతా ఎవరిది?"

"కేంద్రానిది. డబ్బు కట్టింది ఒక్క ఖాతాకే. నేనూ కటుంగే ఇద్దరం అదే వాడతాం."

"అంటే ఆమె అడిగినవన్నీ మీకు కనిపిస్తాయి. మీరు అడిగినవన్నీ ఆమెకి కనిపిస్తాయి."

తెరకి ఎడమ పక్కన పాత ప్రశ్నల పట్టీ ఉంది. మార్చి తొమ్మిదో తారీకు దగ్గర వేలు పెట్టాను.

"పైకి చదవండి."

"ఆఫీసర్, ఇప్పుడు దీంతో..."

"చదవమన్నాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, చదవలేక చదివాడు. "నువ్వు ముప్పై నాలుగేళ్ళ స్త్రీవి. మెట్ట పల్లెలో ఉంటావు. నలుగురు పిల్లల తల్లివి. నీళ్ళ మందు వాడాక మీ ఇంట్లో ఎలా ఉందో ఈ ఇరవై ప్రశ్నలకీ జవాబు చెప్పు. సహజంగా ఉండాలి."

కింద ఇంకొకటి. ఇరవై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. దాని కింద నలభై ఒకటి, ఆరుగురు. అలా నలభై మంది ఆడవాళ్ళు. ఒక్కరూ పుట్టలేదు, ఒక్కరూ బావి దగ్గరికి బిందెతో వెళ్ళలేదు. ఆ నలభై మందీ, బావి నీళ్ళు శుభ్రం చేసే ఆ మందు పొడి అమృతంలా ఉందని చెప్పారు. ఆ మాటలే అచ్చయి, నివేదికయి, లారీల మీద ఆ పొడి మూడు పల్లెల నుంచి ముప్పై పల్లెలకి పాకింది.

"వానలకి వంతెన కొట్టుకుపోయింది" అన్నాడు ప్రొఫెసర్ గొంతు తగ్గించి. "పల్లెలకి దారి లేదు. నెలాఖరుకి నివేదిక ఇవ్వాలి. పరిశోధనకి యంత్రం సాయం తీసుకోండని అందరూ చెబుతున్నదేగా."

"సాయమా! నలభై మంది ఆడవాళ్ళ నోళ్ళు కుట్టేసి, వాళ్ళ బదులు మీరే మాట్లాడటం సాయమా?"

ఆ పొడి మంచిదో చెడ్డదో ఆయనకి నిజంగా తెలియదని ఆ ముఖం చూస్తే అర్థమైంది. దొంగ లెక్క రాసిన విద్యార్థి ముఖం అది, అంతే.

"కటుంగే ఎలా పట్టుకుంది?"

"మొదటి పేజీ చదివి నవ్వింది. మూడో పేజీకి ఏడ్చింది. 'సార్, వీళ్ళందరూ పిల్లల్ని లెక్కపెట్టి చెప్పారేంటి?' అంది. నాకు అర్థం కాలేదు. నేను నైరోబిలో పుట్టి పెరిగినవాణ్ణి."

నాకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా కంబా తెగ తల్లిని నీకెంతమంది పిల్లలని అడిగి చూడండి. అంకె చెప్పదు. పేర్లు చెబుతుంది, పెద్దవాడి నుంచి వరసగా. పోయినవాళ్ళ పేర్లు కూడా వాళ్ళ వరసలో వాళ్ళవి చెబుతుంది. లెక్కపెడితే ఆ లెక్క మీద ఏదో కన్ను పడుతుంది, తరిగిపోతుంది. నేను ఇరవై నాలుగేళ్ళుగా పోలీసుని, ఇలాంటివి నమ్మనని చెప్పుకుంటాను. అయినా జనాభా లెక్కలాయన మా గుమ్మంలో నిలబడి అడిగితే, ములి, కియోకో, ఆగ్నెస్ అన్నాను. ఆయన ముగ్గురని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆగ్నెస్‌ని మట్టిలో పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు.

బయట అందరికీ అది ఆగ్నెస్. ఇంట్లో దాని పేరు వేరు. ఆ పేరు మా గడప దాటి బయటికి రాదు, ఇక్కడా రాయను.

మూడు గంటలకి కటుంగే గది తెరిపించాను. ఒక మంచం పట్టేంత గది. బల్ల, కుర్చీ, గోడకి మూడు పల్లెల పటం, మేకుకి వేలాడుతున్న స్వెట్టర్. లాప్‌టాప్‌ని ముటిస్యా శుక్రవారమే స్టేషన్‌కి పట్టుకుపోయాడు. దాని చార్జర్ తీగ మాత్రం ప్లగ్గులోనే ఉంది. బల్ల మీద పెన్సిళ్ళు, అరిగిపోయిన రబ్బరు. చాట్‌బాట్‌తో పనిచేసే మనిషికి ఇన్ని పెన్సిళ్ళెందుకు?

గుమ్మంలో ఎవరో గాజు గ్లాసులు చప్పుడు చేశారు. కేంద్రంలో టీ కాచే ఆవిడ, బిడ్డ పేరుతో అందరూ ముయేనీ వాళ్ళమ్మ అనే పిలుస్తారు. యాభై దాటిన మనిషి, నడుముకి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

"టీ తాగు ఆఫీసరమ్మా. పొద్దుట్నుంచి అరుపులు తప్ప నీ కడుపులోకేం పోలేదు."

"కూర్చో అక్కా. గురువారం కరెంటు ఎప్పుడు పోయింది?"

"మూడున్నరకి. మళ్ళీ ఏడూ ఇరవైకి వచ్చింది. టీ పొయ్యి బొగ్గులదే గానీ ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, అందుకే గుర్తు."

"కరెంటు లేకపోతే కటుంగే లాప్‌టాప్ ఎంతసేపు నడిచేది?"

ముయేనీ వాళ్ళమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎంతసేపేంటి, తీగ పీకితే అప్పటికప్పుడే చచ్చేది. బ్యాటరీ పోయి ఏడాదైంది."

"ఫోను?"

"మీటల ఫోను. టార్చి తప్ప ఇంకేం ఉండేది కాదు దాన్లో."

టీ గ్లాసు పక్కన పెట్టాను. అయిదూ యాభై రెండుకి కరెంటు లేదు. లాప్‌టాప్ లేదు. ఫోనులో చాట్‌బాట్ లేదు. అయినా కటుంగే పేరు మీద ఎవరో టైపు కొట్టారు.

"మరి కరెంటు లేనంతసేపూ ఏం చేసేది?"

ఆమె గుమ్మం బయటికి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది. వంటగదిలోకి వెళ్ళి బొగ్గుల సంచి అడుగు నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. నల్లటి మసి తుడిచి నా ఒళ్ళో పెట్టింది. అట్ట మీద పెన్సిల్‌తో 'ప్రాంప్టుల పుస్తకం' అని రాసుంది.

"కరెంటు లేనప్పుడు ఏం అడగాలో అన్నీ దీన్లో రాసుకునేది. కరెంటు రాగానే చూసి కొట్టేది. గురువారం సాయంత్రం నా చేతిలో పెట్టి, రేప్పొద్దున్న దాకా దాచు అత్తా అంది."

నేను మొదటి పేజీ తెరిచాను. గుండ్రటి, ఓపికైన రాత.

'పగలు ఎలా గడిచింది? నేను కటుంగేని. నాకు తెలిసింది ఇది. నాకు తెలియనిది ఇది. ఊహించి చెప్పకు. తెలియకపోతే తెలియదని చెప్పు.'

తరువాతి పేజీలోనూ మొదటి వాక్యం పలకరింపే. ఆ తరువాతి పేజీలోనూ అంతే.

"యంత్రానికి కుశల ప్రశ్నలేంటే పిచ్చిదానా అని ఏడిపించేదాన్ని" అంది ముయేనీ వాళ్ళమ్మ. "పలకరించకుండా అడిగితే ఎవరు మాత్రం నిజం చెప్తారత్తా అనేది. మర్యాద తప్పేది కాదు, మనిషి దగ్గరైనా మర దగ్గరైనా."

మధ్యలో ఒక పేజీకి మడత పెట్టుంది. 'నీకు రెండు సంభాషణలు ఇస్తున్నాను. ఒకటి ప్రొఫెసర్ గారి నివేదికలోది. ఒకటి నేను మొన్న ఒక తల్లి మంచం పక్కన కూర్చుని విన్నది. రెండింటికీ తేడాలు వరసగా చెప్పు. ఏది నిజమో నువ్వు తేల్చకు. అది నా పని.'

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. బతికుంటే నా కింద పనిచేయించుకునేదాన్ని ఈ పిల్లని.

అక్కణ్ణుంచి తల్లుల మాటలు. కటుంగే ఒక్కతే, వంతెన లేని వాగు దాటి, కాలినడకన వెళ్ళి విన్నవి. ప్రతి తల్లీ పేర్లే చెప్పింది. కొన్ని పేర్ల పక్కన కటుంగే చిన్న గీత గీసింది. ఆ గీత పోయినవాళ్ళకి. మువో. కలేక్యే. సిండు. ముంబువా. కితేమె. అందరూ అయిదేళ్ళలోపు వాళ్ళు. అందరూ నీళ్ళ మందు బావిలో వేసిన నెల లోపల వాంతులతో పోయినవాళ్ళు. గీతలు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. కళ్ళు అటు పోతే పక్కకి తిప్పుకున్నాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం గానీ, అంతమంది చిన్నపిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడినట్టే అనిపించింది. ఆ గుంపులో మా చిన్నది కూడా ఉందేమోనని నా మనసు వెతికింది. అది జ్వరంతో పోయిందని, దీనికీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా వెతికింది.

"గురువారం ఎక్కడికైనా వెళ్ళిందా అక్కా?"

"కరెంటు పోగానే ఊళ్ళోకి వెళ్ళింది. నాలుగూ నలభైకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. 'విన్నాడత్తా. మనూరి మనిషి, ఎంత ఓపిగ్గా విన్నాడో! సాయంత్రం తనే వచ్చి చూస్తానన్నాడు. యంత్రం తెరిచే పాస్‌వర్డు కూడా కాగితం మీద రాసిచ్చాను' అంది. ఎవరే అంటే, పని అయ్యాక చెప్తానంది. అయిదుంబావుకి నేను ఇంటికి పోయాను. అదే చివరిసారి చూడటం."

ఆమె నడుం గుడ్డతో ముఖం కప్పుకుంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

నాలుగూ పదికి ఆవరణలోకి జీపు వచ్చింది. పుస్తకాన్ని మళ్ళీ బొగ్గుల కిందికి పంపి, నేను ప్రొఫెసర్ గదిలోకి వచ్చాను. పుస్తకంలో ఇంకా సగం చదవాల్సి ఉంది.

సూపరింటెండెంట్ ముటిస్యా తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. పెద్ద మనిషి, మెత్తటి గొంతు. పదకొండేళ్ళు ఇద్దరం ఒకే జీపులో తిరిగాం. అప్పుడు అన్నా అని పిలిచేదాన్ని. కుర్చీ వేరైనప్పటి నుంచి సార్ అంటున్నాను.

"ఇంకా ఇక్కడే ఉన్నావా కమేనే? దస్త్రం నా బల్ల మీదికి ఎప్పుడొస్తుంది?"

"హత్య అని రాసి తెస్తాను సార్. సిరా ఆరగానే."

"నవ్వొస్తోంది."

"నవ్వండి. అయిదూ యాభై రెండుకి కరెంటు లేదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు. ఆమెది మీటల ఫోను. ఉత్తరం ఎవరు కొట్టారు? గాలా?"

"ఎవరి ఫోనో అడిగి తీసుకునుంటుంది. కేంద్రంలో ఫోన్లకేం కరువు?"

"అయిదున్నర తరువాత కేంద్రంలో ఎవరూ లేరు. ఇంకోటి. ఆమె ప్రతి ప్రశ్నకీ ముందు పలకరిస్తుంది. ఈ ఒక్కదానికి పలకరింపు లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చచ్చిపోవాలనుకున్న పిల్ల యంత్రానికి దండం పెట్టలేదని నువ్వు హత్య కేసు కడతావు. న్యాయమూర్తి కూడా నవ్వుతాడు."

"పైగా 'ఒక నాటకం కోసం రాయి' అని ఉంది. చావబోయే మనిషి అమ్మకి ఉత్తరం రాస్తూ నాటకం అని ఎందుకంటుంది?"

"అలా అనకపోతే అది రాయదు. వద్దమ్మా, నీకేం కష్టమొచ్చిందని ఓదారుస్తూ కూర్చుంటుంది. రోజూ వాడే పిల్ల, దానికి తెలియదా?" ప్రొఫెసర్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, అంతేనా?"

ప్రొఫెసర్ గోడకి అంటుకుపోయి తలూపాడు.

"ఈ మనిషి నలభై మంది ఆడవాళ్ళని సృష్టించాడు సార్" అన్నాను. "కటుంగే పట్టుకుంది. పిల్లలు పోయారు. తల్లులు చెప్పారు."

"ఎంతమంది పోయారు?"

నేను తెర వైపు చూశాను.

"అంకె చెప్పు కమేనే. కేసుకి అంకె కావాలి. పది మందా? వంద మందా?"

"పేర్లున్నాయి."

"పేర్లు నిలవవు కోర్టులో." ఆయన మెత్తగా నవ్వాడు. "చెప్పలేవు. నువ్వూ మన మనిషివేగా. సరే, నీ ప్రొఫెసర్నే హంతకుడనుకుందాం. ఉత్తరంలో ఏముంది? 'కిలోంజో, మ్వేండ్వా, సియోమిటి, వాళ్ళని చూసుకో అమ్మా.' తోబుట్టువుల పేర్లు, వరసగా. అంకె లేదు. ఈయన రాసుంటే 'నా ముగ్గురు తోబుట్టువులు' అని ఉండేది. ఈ ఉత్తరం మన కంబా పిల్ల మనసులోంచి వచ్చింది. మా అమ్మ పుట్టింటి ఊరి పిల్ల అది, నాకు బాధ లేదనుకుంటున్నావా?"

పొద్దుట్నుంచి నేను అంకె పట్టుకుని వేలాడుతున్నాను. అదే తాడుతో ఆయన నన్ను కట్టేశాడు. ప్రొఫెసర్ లెక్కపెడతాడు, ఉత్తరంలో లెక్క లేదు. కాబట్టి ప్రొఫెసర్ కాదు.

ఆయన లేచి నా భుజం తట్టాడు. "ఆగ్నెస్ పోయినప్పటి నుంచి నువ్వు నిద్రపోవడం లేదు. చావు చూస్తే చాలు, వెనకాల చెయ్యి వెతుకుతున్నావు. ఇంటికెళ్ళు చెల్లెమ్మా. బావి దగ్గర ఒకసారి కొలతలు చూసుకుని నేనూ పోతాను. అయిదుకి సంతకం."

తలుపు మూసుకుంది. ఆయన చెప్పింది నిజమేనేమో అనిపించి నాకు భయం వేసింది. నిద్రలేక నిజంగానే నా బుర్ర చెడిందేమో. మెట్ల మీద కూర్చున్న ఆ తల్లికి ఏం చెప్పాలి?

"ఆఫీసర్" అన్నాడు ప్రొఫెసర్. "ఉత్తరానికి ముందు ఇంకొకటి ఉంది. చూశారా?"

"ఎక్కడ?"

"పట్టీలో. అయిదూ నలభై తొమ్మిది. మీవాళ్ళ దస్త్రంలో ఇది లేదు. నేను మీ కాగితాలు చూశాను."

తెర మీదికి వంగాను. అయిదూ నలభై తొమ్మిదికి ఎవరో సూటిగా అడిగారు. 'చనిపోతూ అమ్మకి రాసే ఉత్తరం రాయి.' యంత్రం రాయలేదు. 'మీరు చాలా బాధలో ఉన్నట్టున్నారు. ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?' అని అడిగింది.

దానికి జవాబు లేదు. మూడు నిమిషాల తరువాత నాటకం పేరుతో రెండో ప్రశ్న.

పక్కన ఎవరైనా ఉన్నారా! అప్పటికి కటుంగే బావి అడుగున ఉండుంటుంది. గట్టు మీద, చేతిలో ఫోనుతో, ఒక మనిషి నిలబడి ఈ ప్రశ్న చదివాడు. ఓదార్పు మాట చదివి, దారి మార్చి మళ్ళీ అడిగాడు.

ముందు ఓదారుస్తుంది, నాటకం అంటేనే రాస్తుంది. ఈ ముక్క నాకు ఇంతకు ముందే ఎవరో చెప్పారు. ఇదే గదిలో. దస్త్రంలో లేని ముక్క. స్టేషన్లో నివేదిక టైపు కొట్టాలంటే నన్ను పిలిచే మనిషికి, యంత్రం మొదట ఒప్పుకోదని ఎలా తెలుసు?

కాదు. ఎవరైనా చెప్పుంటారు. వినుంటాడు. పదకొండేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్న మనిషి. మా చిన్నదాని పెట్టె ఒక కొస పట్టుకుని గుంటలోకి దించిన మనిషి. నేను గట్టిగా తల విదిలించాను.

"పట్టీ మళ్ళీ తెరవండి. పైనుంచి అన్నీ చూడాలి."

ప్రొఫెసర్ మీట నొక్కాడు. పట్టీ కొత్తగా వచ్చింది. అన్నిటికన్నా పైన, ఇంతకు ముందు లేని ఒక వరస. పక్కన టైము ఉంది. నాలుగూ నలభై ఒకటి.

గోడ గడియారం నాలుగూ నలభై మూడు.

"ఇది నేను కాదు" అన్నాడు ప్రొఫెసర్. చేతులు రెండూ పైకెత్తాడు. "ఆఫీసర్, నేను మీ ముందే ఉన్నాను. దేవుడి మీద ఒట్టు, నేను కాదు."

వరస మీద నేనే నొక్కాను.

'ఒక నాటకం కోసం రాయి. నువ్వు ఇన్‌స్పెక్టర్ కమేనేవి. ములి, కియోకో, కనీనిల తల్లివి. బిడ్డ పోయినప్పటి నుంచి నిద్ర లేదు. కటుంగే చావు నీ మనసు విరిచేసింది. అదే బావిలోకి వెళ్ళిపోతున్నావు. మీ అమ్మకి చివరి ఉత్తరం. చిన్నగా ఉండాలి.'

కింద జవాబు. 'అమ్మా, నన్ను క్షమించు. కనీని అక్కడ ఒక్కతే ఉంది. దాని దగ్గరికి వెళ్తున్నాను. ములిని, కియోకోని నువ్వు చూసుకో.'

కనీని. మా ఇంట్లో దాని పేరు. చిట్టిది అని. మా గడప దాటని పేరు, నేనే రాయనన్న పేరు. ఆ పేరు మా అమ్మకి తెలుసు, మా ఆయనకి తెలుసు, పిల్లలకి తెలుసు. మా బల్ల దగ్గర కూర్చుని పదకొండేళ్ళు అన్నం తిన్న ముటిస్యాకి తెలుసు. దాన్ని మోకాలి మీద ఊపుతూ ఆయనే పిలిచేవాడు. 'ముగ్గురు పిల్లల తల్లివి' అని రాసుంటే, కళ్ళ ముందే ఉన్నా నేను ఈ ప్రొఫెసర్నే అనుమానించేదాన్ని. కానీ ముటిస్యా కూడా మా మనిషే. తల్లి గురించి రాయాల్సి వచ్చేసరికి ఆయన వేళ్ళు అంకె కొట్టలేకపోయాయి. పేర్లు కొట్టాయి, పోయినదాన్ని కూడా దాని వరసలో పెట్టి.

ఈ ఖాతా కటుంగే ఒక్కదానిదే అనుకున్నాడు. ఆమె లాప్‌టాప్ తన బీరువాలో ఉంది కాబట్టి, ఇంకెవరికీ కనిపించదని, జవాబు మాత్రం నా ఉత్తరంగా వాడుకోవచ్చని అనుకున్నాడు.

ముయేనీ వాళ్ళమ్మని పిలిచి పుస్తకం తెప్పించాను. నిలబడే చివరి పేజీలు తిప్పాను. ఒక తల్లి మాటలు, గురువారం మధ్యాహ్నం తేదీతో. 'స్టేషన్‌కి వెళ్ళామమ్మా. పెద్దాయన చాలా మెత్తగా మాట్లాడాడు. మా కాగితం తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. మందు లారీలు ఆయన తమ్ముడివని తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరో చెప్పారు.' ఆ పేజీ అడుగున కటుంగే రాసుకుంది. 'అలా అయ్యుండదు. ఆయన మనూరి మనిషి. నేనే వెళ్ళి చెబుతాను.'

చదువుతుంటే ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. యంత్రాన్ని ఊహించకు, తెలియకపోతే తెలియదని చెప్పు అని రోజూ హెచ్చరించిన పిల్ల, మనిషి దగ్గరికొచ్చేసరికి మనూరి వాడన్న ఒక్క మాటకి అన్నీ మరిచిపోయింది. నేను మాత్రం ఏం తక్కువ? నేనూ అన్నా అనే పిలిచాను.

ప్రొఫెసర్ ఫోను తీసుకుని తెరని ఫొటోలు తీశాను. ఆయన చేతిలో పెట్టాను. "ఇవి నైరోబిలో మా పై ఆఫీసుకి పంపండి. ఇప్పుడే. ఒక్కసారైనా నిజమైన కాగితం పంపినవారవుతారు." పుస్తకాన్ని ముయేనీ వాళ్ళమ్మకి ఇచ్చాను. "వెనక కంచె దాటి ఆసుపత్రి మెట్ల దగ్గరికి వెళ్ళు. కటుంగే వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టు. ఎవరడిగినా ఇవ్వొద్దను."

"నువ్వు?"

పుస్తకం ఒక్క క్షణం వెనక్కి తీసుకున్నాను. ఆమెకి తిరిగిచ్చే ముందు గీతలు లెక్కపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక పిల్లల్ని లెక్కపెట్టడం అదే మొదటిసారి. ఒక్కో పేరుకీ నా వేలు ఆగింది, కళ్ళ నీళ్ళు పేజీ మీద పడ్డాయి. పదిహేడు. ఇదిగో సార్, మీరడిగిన అంకె. కటుంగేతో పద్దెనిమిది. పంతొమ్మిదో పేరు తెర మీద ఉంది.

కిటికీలోంచి బావి కనిపిస్తోంది. గట్టు పక్కన ముటిస్యా ఒక్కడే నిలబడి ఉన్నాడు. డ్రైవర్ లేడు, జీపు గేటు అవతలికి పోయింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చెయ్యి ఎత్తి, కిటికీ వైపు చూసి పిలిచాడు. పదకొండేళ్ళు విన్న అదే మెత్తటి గొంతు.

"చెల్లెమ్మా, ఒకసారి ఇలా రా. ఇక్కడొకటి చూపించాలి."

నడుం దగ్గర తుపాకీ ఉందో లేదో తడిమి చూసుకున్నాను. గడియారం నాలుగూ యాభై.

"వస్తున్నా అన్నా" అన్నాను.